ఆదివారం వేసిన డీవీడీ

మధ్యాహ్నం భోజనాలయ్యాయో లేదో మళ్ళీ మూకుడు పెట్టి మిరపకాయ బజ్జీలు వేస్తోంది వీణ. మగమహారాజులు సినిమా చూస్తూ నములుతారట. ఢిల్లీ ద్వారకలోని ఆ ఫ్లాటుకి ఆమె భర్త రఘురామ్ తన ఆఫీసు డైరెక్టరు సదాశివరావుగారినీ, సెక్షన్లో ఇంకో ఇద్దరినీ పిలిచాడు. అట్ట మీద నెత్తురు బొమ్మ చూసి, "దయ్యాల సినిమా సార్, మాంఛి టైంపాస్," అంటూ డీవీడీ పెట్టాడు. దయ్యమూ లేదు, పాడూ లేదు. అడవిలో ఒక అమ్మాయిని నలుగురు చెరుస్తారు, తర్వాత ఆమె ఒక్కొక్కణ్ణీ వెతికి చంపుతుంది. అంతే కథ.

వీణ పళ్ళెంతో హాల్లోకి వచ్చేసరికి ఆ అమ్మాయి అరుస్తోంది. టీవీకి అడ్డం రాకూడదని అలవాటుగా నడుం వంచి వెళ్ళింది. సదాశివరావుగారు తెర మీంచి చూపు తిప్పకుండానే ప్లేటు చాపి, "అమ్మా, కాస్త చట్నీ," అన్నారు. వేసింది. పైగా, "ఇంకో రెండు వేసుకోండి అన్నయ్యగారూ," అంది. అక్కడ ఆ పిల్ల కాళ్ళావేళ్ళా పడుతోంటే తన నోట్లోంచి వచ్చిన మాట అది.

వంటింట్లోకొచ్చి పడ్డాక ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. పెళ్ళైన కొత్తలో బస్సులో ఎవడో చెయ్యేస్తే ఏడుస్తూ ఇంటికొచ్చింది. "ఢిల్లీ బస్సులంటే అంతే, నువ్వే చూసుకోవాలి," అన్నాడు రఘురామ్. "ఎవరితోనూ అనకమ్మా, మనకే అప్రతిష్ఠ," అంది అత్తగారు ఫోన్లో. ఆ పూటా నోరు మూసుకుని చపాతీలు వత్తింది. ఇన్నేళ్ళుగా చేస్తున్నది అదే కదా అనిపించింది.

ఇంతలో హాల్లోంచి సదాశివరావుగారి గొంతు. "ఆపవయ్యా రఘురామ్, కడుపులో తిప్పుతోంది. ఆడది ఇంత క్రూరంగా ఉంటుందా?"

తొంగిచూస్తే తెర మీద ఆ అమ్మాయి చేతిలో కొడవలి ఉంది. రఘురామ్ కంగారుగా రిమోట్ వెతుకుతున్నాడు.

"అరగంటసేపు ఆ పిల్ల అరిచింది కదండీ," అంది వీణ గుమ్మంలోంచే. "అప్పుడు తిప్పలేదా?"

ముగ్గురూ టీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయారు.

"నా పరువు తీశావు. ఏటా నా ప్రమోషన్ రిపోర్టు రాసేది ఆయనే, తెలుసా? ఫోన్ చేసి సారీ చెప్పు," అని సాయంత్రం రఘురామే నంబరు కలిపి చేతిలో పెట్టాడు.

వీణ తీసుకుంది. 

"అన్నయ్యగారూ, మా ఆయన సారీ చెప్పమన్నారు. ఆ అమ్మాయి అంత ఏడుస్తుంటే నోరు మెదపకుండా మీకు వడ్డిస్తూ తిరిగాను. తప్పే. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

రఘురామ్ ఫోను లాక్కోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

"నా తప్పు నేను చెప్పాను. ఇక మీది మీరు చెప్పండి. లైన్లోనే ఉంటాను."