వంకర చెవి

వెయ్యేళ్లకు పైగా భూమిలో పడి, ముక్కలుగా దొరికిన మట్టిజాడీ అది. ఆ ముక్కల్ని దూదితో తుడిచి, ఇసుక తొట్టెలో నిలబెట్టి, ఒక్కొక్కటే అతికేసరికి జిగురక్క నడుం విరిగినంత పనైంది. మ్యూజియంలో పాత వస్తువులను బాగుచేసే ఆమెను అందరూ పిలిచే పేరు అదే. ఇంకాసేపట్లో ప్రదర్శన మొదలవుతుందనగా డైరెక్టరుగారు వచ్చి, జాడీని ఎగాదిగా చూశారు.

"ఆ చెవి వంకరగా ఉందే."

ఉంది మరి. పట్టుకోవడానికి అటొకటి ఇటొకటి పెట్టిన రెండు చెవుల్లో ఎడమది మెడ దగ్గరుంటే, కుడిది రెండు వేళ్లు కిందికి దిగి ఉంది.

"అది నా అతుకు కాదు సర్. పచ్చిమట్టి మీదే కుమ్మరి అలా పెట్టాడు. చూడండి, కింద ఇంకో ముద్ద మెత్తి బొటనవేలితో నొక్కాడు. అలాగే కాల్చేశాడు."

"తెలుసులే, నాకు మాత్రం కళ్లు లేవా? కోసి పైకి అతికించు. వచ్చినవాళ్లు మన పనితనమే వంకర అనుకుంటారు."

డైరెక్టరుగారు ఆమెకు స్వయానా మేనమామ. చిన్నప్పుడు చెవి మెలేసి ఎక్కాలు నేర్పిందీ, ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ఆయన మాటకు ఎదురు చెప్పడం వాళ్ల ఇంటా వంటా లేదు.

అయినా జిగురక్కకు ఒళ్లు మండింది. పేరూ ఊరూ తెలియని ఆ కుమ్మరి పొరపాటు చేశాడు, నిజమే. దాన్ని దాచుకోలేదు, జాడీని పారెయ్యలేదు. ఇంకో ముద్ద మెత్తి, ఇది ఇంతే, వాడుకోండి అన్నాడు. అంత ధీమా ఉన్నవాడి పని దిద్దడానికి ఈయనెవరు?

"కొయ్యను మావయ్యా."

"ఆఫీసులో మావయ్యేమిటి? సర్ అను."

"కొయ్యను సర్."

"అయితే నేనే కోస్తా." ఆయన బల్ల మీది సన్న రంపం అందుకున్నారు. ఆమె గబుక్కున వంకర చెవిలో నాలుగు వేళ్లూ దూర్చింది.

"ముందు వీటిని కోయండి."

ఆయన మొహం కందగడ్డలా అయింది. రంపం బల్ల మీద విసిరికొట్టారు. "రేపట్నించి నువ్వు రానక్కర్లేదు. మీ అమ్మకు నేనే చెబుతా."

"చెప్పుకోండి. ఇవాళ్టికి ఈ పని నాదే."

జాడీని చంటిపిల్లలా రెండు చేతుల్లో పొదువుకుని ప్రదర్శన గదికి నడిచింది. వెనకనుంచి ఆయన పిలుస్తూనే ఉన్నారు. వినిపించుకోలేదు. గది మధ్యలో ఉన్న అద్దాల పెట్టెలో జాడీని నిలబెట్టి, వంకర చెవిని సరిగ్గా గుమ్మం వైపు తిప్పి, తాళం వేసింది. అప్పటికే అతిథులు లోపలికి వస్తున్నారు.

ఆయన ఆయాసపడుతూ వచ్చి, గొంతు తగ్గించి చెయ్యి చాపారు. "అందరి ముందూ పరువు తియ్యకు. ఆ తాళంచెవి ఇటివ్వు."

జిగురక్క గొంతు మాత్రం గదంతా వినిపించింది.

"ఏ చెవీ ఇవ్వను మావయ్యా!"