తలుపు తట్టే పాఠం

ఇంటింటికీ వెళ్ళి సువార్త చెప్పడమెలాగో పాఠాలు చెప్పే మాస్టారికి ఆ సాయంత్రం నోరు విప్పాలంటేనే నీరసంగా ఉంది. ఇరవై రెండేళ్లుగా ఆయన చెబుతూనే ఉన్నారు, పగలంతా ఒళ్ళు హూనం చేసుకుని వచ్చిన పెద్దవాళ్ళు రాసుకుంటూనే ఉన్నారు. సగంమంది కునికిపాట్లు పడేవారు. ఆ మధ్య ఒకాయన గురక కూడా పెట్టాడు. కొత్త ప్రిన్సిపాలమ్మ ఖరాఖండిగా చెప్పేసింది: ఇక ఉపన్యాసాలు చాలు, వాళ్ళచేత చేయించి నేర్పాలి, ఈరోజు వెనక బెంచీలో కూర్చుని చూస్తాను, పాత పద్ధతే అయితే క్లాసు మరొకరికి ఇస్తాను. ఈ వయసులో ఈ వేషాలేమిటని ఆయన ఇంట్లో సణిగారు. కానీ ఈ క్లాసు కూడా పోతే తనకంటూ మిగిలేది ఏమీ లేదని ఆయనకు తెలుసు.

క్లాసు మొదలవగానే మాస్టారు గది తలుపునే ఇంటి తలుపు అనుకోమన్నారు. క్లాసుకు వచ్చేవాళ్ళలో ఒకరైన దర్జీ ఆవిడ లోపల కుర్చీలో కూర్చుంది, ఆవిడే ఇల్లాలు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే బయటి నుంచి తలుపు తట్టి ఆవిడను పలకరించాలి.

బస్సు డ్రైవరు, తలుపు తెరుచుకోగానే, ఊపిరి తిప్పుకోకుండా మూడో పాఠమంతా అప్పజెప్పాడు. "పొయ్యి మీద పాలున్నాయి, తర్వాత రండి," అని ఆవిడ తలుపేసేసింది. నర్సు నాలుగో పాఠం ఎత్తుకుంది. ఆమెకూ అదే గతి పట్టింది. అందరూ నవ్వారు. మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు, వాళ్ళ నోట వినిపిస్తున్నది తన మాటలే.

"మీరోసారి చేసి చూపించండి సార్," అన్నాడు డ్రైవరు.

ఆయన వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. మోకాళ్ళు సలుపుతున్నాయి. పాఠాలన్నీ కంఠతా వచ్చు, ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. తలుపు తట్టారు.

"ఎవరు కావాలండీ?"

"కాసేపు కూర్చోవచ్చా అమ్మా? అలసిపోయాను."

ఆవిడ ఒక్క క్షణం తడబడి, పక్కకు జరిగి కుర్చీ చూపించింది. బల్ల మీది నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చింది. "చాలా దూరం నుంచి వచ్చారా?"

"దూరం కాదమ్మా. ఏళ్ల తరబడి మాట్లాడి మాట్లాడి అలసిపోయాను. ఎవరైనా విన్నారో లేదో కూడా తెలీదు. మీ సంగతి చెప్పండి."

ఆవిడ ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. "మా ఆయన పోయి ఏడాదయింది. వచ్చినవాళ్ళంతా నాలుగు మంచి ముక్కలు చెప్పి వెళ్ళారు. ఇలా కూర్చున్నవాళ్ళు లేరు."

అది నటన కాదని గదిలో అందరికీ అర్థమైంది. మూడేళ్లుగా ఆవిడ ముందు వరసలోనే కూర్చుంటోంది. ఆ సంగతి తనకు తెలియనందుకు మాస్టారు సిగ్గుపడ్డారు.

ప్రిన్సిపాలమ్మ గడియారం చూసుకుంది. "మాస్టారూ, టైమైంది. ఇదంతా మీరు రాసిచ్చిన ప్లాన్‌లో లేదు."

దర్జీ ఆవిడ తల తిప్పింది. "సార్ ఇంకా మా ఇంట్లోనే ఉన్నారమ్మా. నీళ్ళు తాగనివ్వండి."

ప్రతి క్లాసులోనూ ఆయన కోసం పెట్టిన ఆ గ్లాసు నిండుగానే మిగిలిపోయేది. ఈరోజు ఆయన చివరి చుక్కదాకా తాగారు. అంతవరకూ ఎవరూ లేవలేదు.

ప్రిన్సిపాలమ్మ చేతిలోని ప్లాన్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"వచ్చేవారం ఇంకో ఇల్లు పెట్టండి మాస్టారూ," అంది.