కరెంటు దొంగ

"మనింట్లో ఎవరో కరెంటు దొంగిలిస్తున్నారు," అన్నాడు మా ఆయన, ఫోన్లో బ్యాటరీ శాతం చూస్తూ.

నేను స్టవ్వు తుడుస్తున్నాను. చెయ్యి ఆగలేదు.

కంకర క్వారీకి వెళ్ళే దారిలో ఒంటరి ఇల్లు మాది. కరెంటు తీగ ఇక్కడిదాకా రాలేదు. ఇంటి కప్పు రేకుల మీద పన్నెండు సోలార్ పలకలు, వంటింటి మూల బ్యాటరీలు, ముందు గదిలో ఏసీ. మధ్యాహ్నం నుంచి ఆయనా, అత్తయ్యా అందులోనే ఉంటారు. నేను అన్నం పట్టుకెళ్ళి గుమ్మం దాటేలోగా అత్తయ్య అరుస్తుంది: "తలుపెయ్యవే, చల్లగాలి పోతోంది." వచ్చిన చుట్టాలందరికీ ఆయన చెప్పేది ఒకటే మాట. "సూర్యుడు పని చేస్తాడు, మనం సుఖపడతాం."

వెనక వసారాలో నా కుట్టు మిషన్. బడి తెరిచేలోగా నలభై జతల యూనిఫాంలు ఇవ్వాలి. పెళ్ళయ్యాక నాకంటూ వచ్చిన మొదటి పెద్ద పని. మూడు వారాల కింద ఆయన మిషన్ మోటారు విప్పి అటక మీద పెట్టేశాడు. "ఏసీకి చాలట్లేదు. కాలితో తొక్కు, వ్యాయామం." మోకాళ్ళు వాచాయి. పదకొండు జతల దగ్గర ఆగిపోయాను.

ఆ తర్వాతే ఛార్జింగ్ పడిపోవడం మొదలైంది. రాత్రి పదింటి దాకా నడిచే ఏసీ తొమ్మిదికి, తర్వాత ఏడుకే ఆగిపోసాగింది. ఆయన మిక్సీ ప్లగ్గు పీకాడు. వంటింటి బల్బు తీసేశాడు. దొంగ మాత్రం దొరకలేదు.

చివరికి మెకానిక్ వచ్చాడు. పైకెక్కి, ఐదు నిమిషాల్లో దిగి, నల్లబడ్డ వేలు చూపించాడు.

"దొంగా లేడు, దొరా లేడు సార్. పలకల మీద అట్టకట్టిన క్వారీ దుమ్ము. ఇన్నాళ్ళూ ఎవరు తుడిచేవారు?"

"అదీ... వానకి అదే పోతుందిగా," అన్నాడు ఆయన.

"నేనే," అన్నాను. నాలుగేళ్ళు. తెల్లారగానే, పలకలు వేడెక్కకముందే బకెట్టూ, గుడ్డా, నిచ్చెనా. ఒకసారి జారి మణికట్టు బెణికితే "చూసుకుని నడవలేవా?" అన్నాడు. ఎక్కడ నడిచానో అడగలేదు. మోటారు అటకెక్కిన రోజు నుంచి నేను నిచ్చెన ఎక్కలేదు.

"తమ్ముడూ, మిషన్ మోటారు ఎంత కరెంటు తింటుంది?" అన్నాను మెకానిక్‌తో.

"ఫ్యానంత అక్కా. ఏసీ ముందు అదో లెక్కా?"

అతను వెళ్ళాక ఆయన గొంతు మెత్తబడింది. "రేపట్నుంచి మళ్ళీ తుడువు. అమ్మ ఉక్కకి తట్టుకోలేదు."

స్టూలెక్కి అటక మీంచి మోటారు దించాను. స్క్రూలు బిగించాను. మిషన్ని ముందు గదిలోకి ఈడ్చుకొచ్చి సరిగ్గా ఏసీ కింద పెట్టాను. అత్తయ్య మంచం మీద కాళ్ళు ముడుచుకుంది. ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు.

"నిచ్చెన పెరట్లో ఉంది. ఎండెక్కకముందే ఎక్కండి, తర్వాత పలకలు కాలుతాయి," అన్నాను, సూదిలో దారం ఎక్కిస్తూ. "లోపలికొస్తే రండి, లేదా తలుపేసి వెళ్ళండి. చల్లగాలి పోతోంది."