గుడ్లగూబ బాబాయికి రేచీకటి

సినిమా హాల్లో సీట్లు చూపించే ఆయన్ని అందరూ గుడ్లగూబ బాబాయి అనే పిలుస్తారు. చీకట్లో సూది పడినా వెతికి ఇస్తాడని ఇరవై ఆరేళ్ల కిందట క్యాంటీనామె పెట్టిన పేరది. ఆయన దాన్ని బిరుదులా మోశాడు. అలాంటి మనిషికి చీకట్లో కళ్లు కనపడటం మానేస్తే ఎవరితో చెప్పుకుంటాడు?

ఎవరితోనూ చెప్పుకోలేదు. ఉన్న టార్చి వెలుగు చాలక పెద్ద టార్చి కొన్నాడు. ఆ వెలుగు ముఖాన కొడుతోందని జనం గోల పెడితే మేనేజరు దాన్ని లాక్కుని బీరువాలో పడేశాడు. అప్పట్నుంచి బాబాయి అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. తలుపు నుంచి పది అడుగులు, ఒక మెట్టు, మళ్లీ నాలుగు అడుగులు, అది ఎఫ్ వరుస. హాలంతా ఆయనకు కంఠతా వచ్చు. చిక్కల్లా ఒక్కటే. ఏ సీట్లో మనిషి ఉన్నాడో అడుగులు చెప్పవు.

మొన్న ఒక పెద్దాయన ఒళ్లో ఇంకో పెద్దాయన్ని కూర్చోబెట్టాడు. మేనేజరు పిలిచి, "బాబాయ్, ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే నిన్ను బయట బండ్ల దగ్గర చీటీలు చింపే పనిలో వేస్తాను" అన్నాడు. ఎండలో నిలబడటం బాబాయికి లెక్క కాదు. హాల్లోపలి మనిషి బయటి మనిషైపోతాడే, అదీ ఆయన బెంగ.

ఆ మధ్యాహ్నం ఆటకు ఒకామె భుజాన సంచితో, చేతిలో కాగితంతో వచ్చింది. ఆరోగ్య కేంద్రంలో నర్సు. తమ ప్రకటన రోజూ వేస్తున్నారో లేదో చూసి రాసుకు రమ్మని పైవాళ్లు పంపారు. బాబాయి లెక్క తప్పకుండా నడిపించి, "ఇదిగోనమ్మా, కూర్చోండి" అన్నాడు. ఆమె కూర్చోబోయి చటుక్కున పక్కకు జరిగింది. ఆ సీట్లో సాక్షాత్తూ మేనేజరుగారి మామగారు ఉన్నారు. ఆయన పాప్‌కార్న్ నేలపాలైంది.

సరిగ్గా అప్పుడే తెర మీద ప్రకటన మొదలైంది. "వెలుతురు తగ్గితే చూపు ఆనడం లేదా? చీకట్లో తడుముకుంటున్నారా? విటమిన్ ఎ లోపం కావచ్చు..." నర్సు తెర వైపు చూసింది. పక్క సీటును చేత్తో తడుముతున్న బాబాయి వైపు చూసింది.

"ఇది ఎన్నాళ్ల నుంచి వేస్తున్నారు బాబాయ్?"

"రెండేళ్లమ్మా. రోజుకు నాలుగు ఆటలు. ఒక్క పూట మానలేదు, రాసుకోండి."

"అందులో ఏముందో చెప్పండి చూద్దాం."

ఆ ప్రకటన పడేది జనం లోపలికొచ్చే వేళ. ఆ వేళ బాబాయి ఎప్పుడూ తెరకు వీపు పెట్టి జనాన్నే చూస్తాడు. వేల సార్లు చెవిన పడిందే గానీ ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు.

ఆమె ఆయన్ని బయటికి తీసుకొచ్చి క్యాంటీను ముందు కూర్చోబెట్టింది.

"ఏం తింటున్నారు?"

"పాలు లేని టీ, బ్రెడ్డు."

"ఇంకా?"

"బ్రెడ్డు, టీ."

మూడేళ్ల కిందట కడుపులో మంటగా ఉందంటే ఎవరో చెప్పారని పాలు, గుడ్లు, ఆకుకూరలు, నూనె అన్నీ మానేశాడట.

"మంట తగ్గిందా మరి?"

"ఆర్నెల్లకే తగ్గిందమ్మా. మళ్లీ తినమని మాత్రం ఎవరూ చెప్పలేదు."

మర్నాడు డాక్టరు పరీక్షలు చేయించి లోపం అదేనని తేల్చాడు. మాత్రలు రాసిచ్చి, మానేసినవన్నీ మళ్లీ తినమన్నాడు. బాబాయి నర్సు ఎదుటే మాత్రల సీసా అంతా అరచేతిలోకి ఒంపుకున్నాడు.

"అన్నీ ఒకేసారి మింగితే ఈ వారంలోనే చూపు వచ్చేయదూ?"

"రాదు, కాలేయం పాడవుతుంది. లోటు ఎంతో అంతే పూడ్చాలి. మీ హాల్లో సీట్లకు మించి టికెట్లు అమ్మితే ఏమవుతుంది?"

"ఒళ్లో కూర్చుంటారు" అని ఒప్పుకుని, మాత్రలు ఒక్కొక్కటే సీసాలో వేశాడు.

మామగారి ఫిర్యాదు ఎలాగూ చేరాల్సిన చోటికి చేరింది. బాబాయి నెల రోజులు బండ్ల దగ్గర చీటీలు చింపాడు. పొద్దున గుడ్డు, మధ్యాహ్నం ఆకుకూర తిన్నాడు, మాత్ర చెప్పినట్టే వేసుకున్నాడు. నెల తిరిగాక మేనేజరు ఖాళీ హాల్లో దీపాలార్పించి, ఎక్కడో కూర్చుని, "నేనెక్కడున్నానో చెప్పు" అన్నాడు.

"హెచ్ వరుస, గోడ పక్క సీటు. కాళ్లు ముందు సీటు మీద పెట్టారు, దించండి."

మేనేజరు కాళ్లు దించాడు. ఆ పూటే బాబాయి లోపలికొచ్చేశాడు.

ప్రకటన పడేసరికి ఆయన మొదటిసారి తెర వైపు తిరిగి చివరిదాకా చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని జనం వైపు తిరిగితే రెండొందల ముఖాలూ విడివిడిగా కనిపించాయి. ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు, ఒకావిడ సంచిలో ఏదో వెతుక్కుంటోంది, మామగారు పాప్‌కార్న్ మీద వంగి ఉన్నారు. ఒక్కరూ తెర వైపు చూడటం లేదు.

బాబాయికి ఒళ్లు మండింది. ఆపరేటరు గది వైపు చెయ్యెత్తి, "ఇంకోసారి వెయ్యవయ్యా" అని కేకేశాడు.