రెండో మడత

కాగితాన్ని నిలువునా మడిచి, మడత మీద ఎముక బద్దతో ఒక్కసారి గట్టిగా రుద్దాడు. తిప్పి అడ్డంగా మడిచి, మళ్ళీ రుద్దాడు. బైండింగ్ షాపుకు అందరికంటే ముందు వచ్చి, ఆఫీసు రిజిస్టర్ల పని మొదలయ్యేలోగా సొంత పుస్తకం మీద కాసేపు కూర్చోవడం అతని పాత అలవాటు. యజమాని చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. కత్తిరింపుల్లో మిగిలిన కాగితం, అంచులరిగిన రబ్బరు అక్షరాలు, మైనం రాసిన దారం, ఇంతే అతని సరంజామా. ఒక్కో అక్షరాన్నీ సిరాలో ముంచి, ఊపిరి బిగబట్టి అద్దుతాడు. షాపులో అతన్ని మడత మాస్టారంటారు.

అతని పుస్తకాలకు ఒక తిక్క ఉంది. తను అల్లిన పద్యమంతా మడతల లోపలే ఉంటుంది. అంచులు కోయకుండా కుట్టేస్తాడు. పైపైన తిరగేస్తే అన్నీ తెల్లకాగితాలే. చదవాలనుకున్నవాళ్ళు కత్తి తీసుకుని ఒక్కో మడతా కోసుకోవాలి.

"మీ పుస్తకం చదవాలంటే ముందు దాని పీక కోయాలి," అంది కుట్టుబల్ల దగ్గరి ఆవిడ, వస్తూనే సూదిలో దారం ఎక్కిస్తూ. "ఎవరు కొంటారండీ మాస్టారూ?"

"అందుకేగా ఎవరూ కొనట్లేదు."

"అందరిలా అచ్చేస్తే పోయేదానికి ఈ మడతపేచీ ఎందుకు?"

"ఊరికే తిరగేసి పడేసేవాళ్ళకి కాదమ్మా ఇది. కావాలనుకున్నవాళ్ళే తెరవాలి."

ఎవరడిగినా ఇదే జవాబు. చెప్పీ చెప్పీ నున్నబడిపోయింది, చేతిలోని ఎముక బద్దలాగే. అది నిజమో కాదో అతను ఎప్పుడూ తరచి చూసుకోలేదు.

ప్రతి పుస్తకం తొలి ప్రతి అక్కకే. అక్క దాన్ని రెండు చేతులతో అందుకుంటుంది, అట్ట నిమురుతుంది, "ఎంత బాగా చేశావురా," అంటుంది. అక్కడితో ఆ మాట అయిపోతుంది. కానీ ఈసారి పుస్తకం వేరు. ఇన్నాళ్ళూ అక్క చుట్టూ తిరిగి తిరిగి రాసినవాడు, ఇందులో ఆమెతోనే మాట్లాడాడు. ఇది అక్క చదవాలి. ఆ మాట అనుకోగానే, కుట్టిన దారాన్ని మళ్ళీ ఒకసారి లాగి చూసుకున్నాడు.

మధ్యాహ్నం పుస్తకాన్ని పాత గుడ్డలో చుట్టుకుని బయలుదేరాడు. అక్క ఇల్లు వెనక వీధిలోనే, మేడ మీద. మెట్ల మలుపు దగ్గర ఎడమ చెయ్యి బరువెక్కితే కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పొద్దున నొక్కు మిషను పిడి తిప్పినందుకు కాబోలనుకున్నాడు.

"ఇప్పుడా రావడం? అన్నం చల్లారిపోయింది," అంది అక్క. మోకాళ్ళు పట్టేసిన దగ్గర్నుంచి ఆమె మెట్లు దిగడం మానేసింది. "ముందు ఆ పై అరలో దుప్పటి తియ్యి. నాకందట్లేదు."

బీరువా తెరిచాడు. దుప్పట్ల మధ్య తెల్లగుడ్డలో చుట్టిన కట్ట ఒకటి చేతికి తగిలింది. గుడ్డ జారింది. లోపల అతని పుస్తకాలు, మొదటి దగ్గర్నుంచి అన్నీ, పేర్చిన వరసలో. ఒక్క మడతా తెగలేదు. అంచులన్నీ అతను బద్దతో రుద్దినప్పటి పదునుతోనే ఉన్నాయి.

"అక్కా, ఇవేవీ కొయ్యలేదే."

"ఎలా కోస్తానురా? అంత ముచ్చటగా మడిచిస్తే, కత్తి పెట్టడానికి చేతులొస్తాయా?"

"మరి చదవకుండానే బాగుందనేదానివా?"

"బాగున్నాయి గనకే అన్నాను." అక్క కుర్చీలో సర్దుకుంది. "చిన్నప్పుడు నీ మనసులో మాట బయటికి రావాలంటే చెవి మెలెయ్యాల్సి వచ్చేది. లోపల దాచిపెట్టి ఇస్తున్నాడంటే, తెరవడం వాడికి ఇష్టం లేదేమో అనుకున్నాను."

అతనికి కోపం రావాలి. రాలేదు. వచ్చింది తేలికపాటి ఊరట. అది కొత్తది కాదు. అక్క పుస్తకాన్ని కోయకుండా పక్కన పెట్టిన ప్రతిసారీ అతని గుండెల్లోంచి దిగింది ఈ ఊపిరే. తలుపు మూసింది తనే. ఎవరూ తట్టలేదని ఇన్నేళ్ళూ అలిగిందీ తనే.

"ఈ ఉతికిన దుప్పటి మడత పెడదాం, పట్టు," అంది అక్క, కుర్చీ చేతి మీదున్న దుప్పటి రెండు మూలలు కూర్చునే అందుకుని.

అమ్మ చనిపోయిన ఏడాది ఇద్దరూ అలాగే మడిచేవాళ్ళు. అక్కకే ఇంకా జడలు వేసుకోవడం సరిగా రాని వయసు. డాబా మీద ఎండలో ఆరి పెళపెళలాడే దుప్పటికి అటు కొసన ఆమె, ఇటు కొసన అతను. దులిపి, సగానికి మడిచి, తన మూలలు పట్టుకుని అక్క దగ్గరకు నడవాలి. ఆమె వేళ్ళలో వాటిని పెట్టి, కిందికి జారిన అంచు అందుకుని, మళ్ళీ నడవాలి. ఆ ఏడాది ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ దగ్గరకు తీసుకోలేదు. నాన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. మనిషి చెయ్యి మనిషికి తగిలింది దుప్పటి మడిచేటప్పుడే. అందుకని అతను మడిచినవాటిని కూడా రహస్యంగా విప్పేసి, మళ్ళీ మడుద్దామనేవాడు. అక్క తిట్టేది, కానీ మడిచేది.

ఇప్పుడు తన మూలలు ఆమె వేళ్ళలో పెట్టాడు. ఆ వేళ్ళు పలచబడ్డాయి. దుప్పటి ఆమె ఒళ్ళో నలుచదరంగా అమిరింది.

"కొత్తది తెచ్చావుగా," అంది అక్క. "నువ్వే కొయ్యి. నువ్వే చదువు. వింటాను."

జేబులోంచి చెక్కకత్తి తీశాడు. తనే చెక్కి, నున్నగా రుద్దుకున్నది. మొదటి మడత తెగిన చప్పుడు గదిలో కాస్త పెద్దగానే వినిపించింది. కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"దుప్పటి మడిచేటప్పుడు, నేను నీవైపు నడిచేవాణ్ణి."

అక్క ఒళ్ళో దుప్పటి మూల ఒకటి ఆమె పిడికిట్లోకి వెళ్ళింది. అతను కత్తిని రెండో మడతలోకి తోశాడు. సగం దాకా వెళ్ళింది. కత్తిని అందులోనే వదిలి, పుస్తకాన్ని ఆమె ఒళ్ళోని దుప్పటి మీద పెట్టాడు.

"కళ్ళజోడు షాపులో మరిచిపోయానక్కా. మిగతాది రేపు."

కళ్ళజోడు అతని ముక్కు మీదే ఉంది. అక్క చూసింది.

"రేపే చదువు," అంది. "ఎక్కడికి పోతుంది. ముందు తిను."

తిన్నాడు. మెట్లు దిగుతుంటే ఒళ్ళు తేలికగా అనిపించింది. షాపులో తన బల్ల ముందు కూర్చుని, రిజిస్టరు కాగితాల దొంతర దగ్గరకు లాక్కుని, దాని మీద తల ఆనించాడు. కునుకు తీస్తున్నాడనుకుంది కుట్టుబల్ల దగ్గరి ఆవిడ. చెంప కింది కాగితాలు ఎగరకుండా లేచి ఫ్యాను తగ్గించింది. టీ వచ్చాక భుజం తట్టింది. అతను లేవలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళు వచ్చి, వెళ్ళినవాళ్ళు వెళ్ళాక, అక్క కిటికీ పక్కకు కుర్చీ లాక్కుని, తెల్లగుడ్డ కట్ట విప్పింది. ఈసారి కోయడానికి చేతులు వచ్చాయి. వంటింటి కత్తితో మొదటి పుస్తకం నుంచి వరసగా కోసింది. అంచులు చిరిగి పీచులు లేచాయి. కాగితపు పొట్టు ఒళ్ళో రాలింది. దులుపుకోకుండా చదివింది. మెట్లు, కిటికీలు, బట్టలారేసిన తీగలు. ప్రతిచోటా అటు కొసన ఒక ఆడపిల్ల దేన్నో పట్టుకుని నిలబడి ఉంది. కొన్ని ముక్కలు పైకే చదివింది. ఒకచోట, "తింగరి వెధవా," అంది.

ఆఖరి పుస్తకాన్ని మాత్రం ఆమె ముట్టుకోలేదు. అది ఆరోజు మడిచిన దుప్పటి మీదే ఉంది. రెండో మడత సగంలో, అతను ఆపిన చోటే, చెక్కకత్తి.