నడవగలిగిన వాళ్లకే

ట్రావెల్స్ ఆఫీసులో చిట్టి ఉద్యోగం మానేసిన రోజున ఓనరు ఆమెను ఆపలేదు సరికదా, గుమ్మం దాకా వచ్చి మరీ నవ్వాడు.

"సొంతంగా పెడతావా? పెట్టమ్మా పెట్టు. టికెట్లు కొట్టడం కోతికైనా నేర్పచ్చు. మనుషుల్ని తిప్పడం వేరే విద్య. నీకు జాలెక్కువ. జాలి ఉన్నవాళ్లు ఆసుపత్రి పెట్టుకోవాలి, ట్రావెల్స్ కాదు."

పక్క సీట్లవాళ్లు కూడా నవ్వారు. వాళ్లు సెలవు పెట్టిన ప్రతిసారీ వాళ్ల పని కూడా తన నెత్తినేసుకుని చేసింది చిట్టే. ఆ సంగతి ఆ నవ్వులో ఎవరికీ గుర్తు రాలేదు. చిట్టి టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా సంచిలో వేసుకుని మెట్లు దిగింది. కిందికి వచ్చాకగానీ ఏడుపు రాలేదు.

తల్లి పోయాక ఆమెకు మిగిలిన దగ్గరి మనిషి పిన్ని ఒక్కతే. పిన్ని పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త లేడు, పిల్లలు లేరు. నోరు మాత్రం ఉంది. ఆ నోటికి భయపడి పెద్ద డాక్టర్లు కూడా వార్డులోకి చెప్పులు విడిచి వచ్చేవారని చెప్పుకుంటారు.

"మా ముందుగది ఖాళీగానే చచ్చింది. నాలుగు జతల చెప్పులకి అంత గది దేనికి? వచ్చి బల్ల వేసుకో" అంది పిన్ని. "అద్దె గిద్దె అన్నావంటే కాళ్లు విరగ్గొడతా."

కాళ్లు విరగ్గొడతానన్న ఆ మనిషికే కుడి మోకాలు సరిగ్గా వంగదు. మెట్టు ఎక్కాలంటే రెండు చేతులూ గోడకి ఆనించాలి.

చిట్టి బల్ల వేసింది, కంప్యూటర్ పెట్టింది, బయట బోర్డు కట్టింది. ఎవరూ రాలేదు. ఫోన్లు వచ్చేవి. ఓపిగ్గా అన్నీ అడిగి తెలుసుకుని, "ఆలోచించుకుని చెబుతాం" అని పెట్టేసి, తమ ఫోన్లోనే తాము బుక్ చేసుకునేవారు. సాయంత్రానికి ఈగలు తోలుకుంటూ కూర్చున్న చిట్టిని చూసి పిన్ని మర్నాడు పొద్దున్నే పార్కుకి బయల్దేరింది.

పార్కులో పిన్నికి ఒక బెంచీ ఉంది. నడిచేవాళ్లంతా చుట్లు కొడుతూ, ఆ బెంచీ దగ్గర ఆగి, ఆమె విసిరే ఒక జోకో ఒక చివాటో తీసుకుని ముందుకు సాగేవారు. ఎవరికి బీపీ ఎంతో, ఎవరు షుగరున్నా దొంగచాటుగా స్వీట్లు తింటారో అంతా ఆమెకు తెలుసు.

"మా చిట్టి టూరు తీసుకెళ్తోంది. కొండల మీదికి. మీరు ఎక్కి కూర్చుంటే చాలు" అని ఒక్కొక్కరినీ పట్టుకుంది. "దింపేటప్పటికి కూడా ఊపిరితోనే ఉంటారు. నాదీ పూచీ."

అలా కుదిరింది మొదటి టూరు. డజను మంది. వాళ్లకి పెద్దదిక్కు బ్యాంకులో మేనేజరుగా చేసి దిగిపోయిన ఆయన. దిగిపోయినా అందరికీ ఆయన మేనేజరు గారే. భార్య మెతక మనిషి, ఆయన నవ్వితే నవ్వేది. పిన్ని కూడా ఎక్కింది. బతుకంతా నైట్ డ్యూటీలు చేసిందేగాని, సరదాకి ఊరు దాటి ఎరగదు.

మొదటి రోజంతా బస్సు పిన్నిదే. ఆమె మాటలకి డ్రైవరు కూడా నవ్వు ఆపుకోలేక బండి పక్కకి ఆపాడు. రెండో రోజు నుంచి తేడా వచ్చింది. ఆమె దిగేసరికి అందరూ ఎండలో నిలబడాలి. బాత్రూం కోసం నాలుగుసార్లు బండి ఆపాలి. పాతకోట దగ్గరికి చేరేసరికి గేటు మూసేశారు. ఎవరూ పిన్నిని ఏమీ అనలేదు. ఆమె జోకు వేస్తే కిటికీలోంచి బయటికి చూశారు, అంతే. పిన్ని మరో జోకు వేసింది, ఇంకా గట్టిగా. దానికి తనే నవ్వుకుంది.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక మేనేజరు గారు చిట్టిని వరండాలోకి పిలిచాడు.

"మీ పిన్నిగారు దొడ్డ మనిషమ్మా. కాదనను. కానీ మేం ఒక మనిషి మోకాలు చూడ్డానికి రాలేదు కదా."

చిట్టి తల దించుకుంది.

"చలికాలంలో మేం విదేశం వెళ్దామనుకుంటున్నాం. మా వాళ్లూ, క్లబ్బువాళ్లూ కలిసి ముప్పై మంది పైమాటే. నీ చేతికే ఇద్దామని ఉంది" అంటూ ఆయన పళ్లు కుట్టుకున్నాడు. "రేపొక్కరోజు ఎలా నడుస్తుందో చూస్తాం."

మర్నాడు పెద్ద చెరువులో బోటు షికారు. దాటి అవతల జలపాతం చూడాలి. పిన్ని తెల్లారకుండానే తయారై కూర్చుంది. ఎప్పుడో కొనుక్కుని దాచుకున్న నల్ల కళ్లద్దాలు కూడా పెట్టుకుంది.

చిట్టి పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. "పిన్నీ, బోటువాళ్లు మోకాలి నొప్పులున్న వాళ్లని ఎక్కించుకోరట. రూలట. ఇప్పుడే చెప్పారు."

"రూలా?"

"ఏం చెయ్యమంటావు? ఎంత బతిమాలినా వినలేదు."

పిన్ని నల్ల కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడిచింది. "సర్లే. రూలుకి మనమేం చేస్తాం? నువ్వు జాగ్రత్త. అందరికీ ఆ గాలి సంచుల్లాంటివి తొడిగించు. మేనేజరుకి కళ్లు తిరుగుతాయి, అంచున కూర్చోబెట్టకు."

వాళ్లు వెళ్లాక ఆమె హోటల్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మొక్కలకి నీళ్లు పెడుతున్న తోటమాలి పలకరించాడు. "బోటుకి వెళ్లలేదేం అమ్మా?"

"నాలాంటి వాళ్లని ఎక్కించుకోరటగా."

"ఎవరన్నారు? కుర్చీలో మోసుకెళ్లి మరీ కూర్చోబెడతారు. నిన్ననే ఒక పండు ముసలావిడ వెళ్లొచ్చింది."

పిన్ని నల్ల కళ్లద్దాలు మడిచి సంచిలో వేసుకుంది.

సాయంత్రం బస్సు తిరిగొచ్చింది. లోపల పాటలు, చప్పట్లు. అన్ని రోజుల్లోకీ అదే బాగా గడిచిన రోజని అందరి ముఖాల్లోనూ తెలుస్తోంది. చిట్టి గబగబా వచ్చి, "నువ్వు రాకపోవడమే మంచిదైంది పిన్నీ, బోటు ఒకటే ఊగుడు" అంది.

పిన్ని ఆమె ముఖంలోకి చూసింది. మందు మింగానని అబద్ధమాడే రోగుల్ని ఎన్నో ఏళ్లు చూసిన కళ్లవి. "అలాగా" అంది. పిల్ల కొత్తగా మొదలుపెట్టింది, భయపడింది, ఒకసారికి పోనీ అనుకుంది. అనుకున్నంత తేలిగ్గా మాత్రం ఆ పూట అన్నం దిగలేదు.

ఆ టూరు తర్వాత చిట్టికి వెనక్కి చూసుకునే పని లేకపోయింది. జలపాతం ముందు అందరూ నిలబడి తీయించుకున్న ఫోటో పెద్దది చేయించి ముందుగదిలో గోడకి కొట్టింది. వచ్చినవాళ్లు ముందు దాన్నే చూసేవారు. పిన్ని వచ్చినవాళ్లకి మంచినీళ్లు తెచ్చి ఇచ్చేది. పార్కుకి వెళ్లడం మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

చలికాలం టూరు సంగతి తెలిశాక పిన్ని తనంతట తనే ఆఫీసుల చుట్టూ తిరిగి పాస్‌పోర్టు తెచ్చుకుంది. ఒకరోజు దాన్ని చిట్టి బల్ల మీద పెట్టింది, స్కూలు పిల్ల మార్కులు చూపించినట్టు.

"విమానం ఎక్కుతానే. కుర్చీ బండి ఇస్తారట కదా, కనుక్కున్నాను. ఎవరికీ అడ్డం రాను. మీరు తిరిగేచోటికి రాలేకపోతే హోటల్లోనే కూర్చుంటా. కిటికీలోంచి చూస్తే మాత్రం వేరే దేశం వేరే దేశం కాకపోతుందా?"

చిట్టి కంప్యూటర్ వైపు చూస్తూనే, "అయ్యో పిన్నీ, ముందే చెప్పకపోయావా? సీట్లు నిండిపోయాయి" అంది.

"ఒక్కటి కూడా లేదా?"

"ఒక్కటి కూడా లేదు."

పిన్ని పాస్‌పోర్టు తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ వారంలోనే మేనేజరు గారు వచ్చాడు. పిన్ని నీళ్ల గ్లాసుతో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన అంటున్నాడు, "మా మరదలు కూడా వస్తానంటోందమ్మా. ఇప్పుడు కుదురుతుందా?"

"మీరడిగాక కుదరకపోవడమేంటి సార్? ఇంకా రెండు మూడు సీట్లున్నాయి" అంది చిట్టి నవ్వుతూ.

అప్పుడు చూసింది గుమ్మం వైపు. పిన్ని గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఒక్క చుక్క తొణకలేదు. ఆయన నీళ్లు తాగి వెళ్లేదాకా అక్కడే నిలబడింది.

"అబద్ధం చెప్పేటప్పుడు తలుపేసుకోవాలే" అంది అప్పుడు. "బోటు సంగతి కూడా నాకు ఆ రోజే తెలుసు. ఏరు దాటాక తెప్ప తగలేసే వాళ్లుంటారు. నువ్వు ఏట్లో ఉండగానే తగలేశావు."

"పిన్నీ, నా పరిస్థితి కాస్త అర్థం చేసుకో. వాళ్లే వద్దన్నారు. నేనేం..."

"గది వాడుకో. పొమ్మనను. మొదటి తారీకుకి అద్దె ఇయ్యి. పిన్నీ అని మాత్రం పిలవకు. ఇల్లుగలవాళ్లని అందరూ ఏమని పిలుస్తారో అలాగే పిలు."

కాళ్ల మీద పడుతుందని, ఏడుస్తుందని పిన్ని ఎదురుచూసిందేమో. చిట్టి చాలాసేపు గోళ్లు చూసుకుంది. మొదటి తారీకున అద్దె కవరు పట్టుకుని వచ్చి, "ఓనరమ్మగారూ" అని పిలిచింది.

విదేశం టూరు మొదట్లో బాగా సాగింది. ఒక పొద్దున హోటల్లో టిఫిన్ దగ్గర మేనేజరు గారి చేతిలోంచి చెంచా జారింది. వంగి తీసుకోబోయి ఆయనా జారాడు. మూతి ఒక పక్కకి వెళ్లిపోయింది. అంబులెన్స్ వచ్చింది. చిట్టి, ఆయన భార్య కూడా ఎక్కారు. మిగతావాళ్లు హోటల్లో ఉండిపోయారు. ఆ రోజు ఓడలో ఒక దీవికి వెళ్లాలి.

ఆసుపత్రిలో ఉండగానే మరదలు ఫోన్ చేసింది. ఎవరి కోసం చిట్టి సీటు తీసిందో ఆ మరదలే. "మేమంతా ఇక్కడ కూర్చుని చేసేదేముందమ్మా? మేమేమన్నా డాక్టర్లమా? ఓడ వెళ్లిపోతే మళ్లీ దొరకదట. నువ్వు వస్తున్నావా లేదా?"

చిట్టి ఇన్సూరెన్సు కాగితాలు మేనేజరు గారి భార్య చేతిలో పెట్టింది. మాటలు తర్జుమా చేసే యాప్ ఫోన్లో ఎలా నొక్కాలో చూపించింది.

ఆవిడ చిట్టి చున్నీ పట్టుకుంది. "ఒక్కరోజు నాతో ఉండమ్మా. వాళ్లు ఏమడుగుతున్నారో నాకు తెలీడం లేదు. నీకు దణ్ణం పెడతా."

"ముప్పై మందికి నేను జవాబు చెప్పుకోవాలి కదమ్మా. గంటగంటకీ ఫోన్ చేస్తా."

చున్నీ వదిలించుకోవడానికి ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. ఎక్కువ బలం పట్టలేదు.

డాక్టరు ఎన్నిసార్లు అడిగినా ఒకటే అడిగాడు. ఇది ఎప్పుడు మొదలైంది? ఆవిడ ఫోన్లోని ఆ యాప్‌కి చెప్పింది, "నిన్న సాయంత్రం నుంచీ ఆయన నవ్వితే ఒక పక్కే కదిలింది బాబూ. అలిసిపోయారేమో అనుకున్నా." ఫోను దాన్ని ఏమని చెప్పిందోగాని, డాక్టరు ముఖం చిట్లించి మళ్లీ మొదటి నుంచి అడిగాడు. ఓడలో చిట్టి ఫోనుకి సిగ్నల్ లేదు. టూరువాళ్లంతా ఓడ మీద గాలి తగిలాక తేరుకున్నారు. దీవిలో దిగి ఫోటోలు తీసుకున్నారు. చిట్టి గొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడిచింది. వెనక అందరూ చకచకా వచ్చారు.

మేనేజరు గారు బతికాడు. సగం మనిషిగా, మాట లేకుండా ఇంటికి చేరాడు. టూరుకి వెళ్లినవాళ్లెవరూ చిట్టిని తప్పు పట్టలేదు. "అంత గొడవలోనూ ఒక్క ప్రోగ్రామూ పోనివ్వలేదు, ఎంత గుండె ధైర్యం!" అని నలుగురికీ చెప్పారు. ఫోన్లు ఇంకా పెరిగాయి. వచ్చే టూర్ల ప్రకటన అడుగున చిట్టి ఒక వాక్యం చేర్చింది: తమంతట తాము నడవగలిగిన వాళ్లకే.

పిన్ని మేనేజరు గారింటికి వెళ్లొచ్చింది. మంచాన పడ్డ మనిషిని పుళ్లు పడకుండా ఎలా తిప్పాలో ఆయన భార్యకి నేర్పింది. తిరిగొచ్చి నేరుగా ముందుగదిలోకి వచ్చి నిలబడింది.

"ఆయన పడిపోవడానికి ముందురోజు సాయంత్రం నుంచే మూతి వంకరగా ఉందని ఆవిడ చెబుతోంది. నేనుంటే ఆ సాయంత్రమే చూసేదాన్ని కదే."

చిట్టి కంప్యూటర్ వైపు తిరిగింది.

"గది ఖాళీ చెయ్యి."

"నేనే చెబుదామనుకుంటున్నానండి. మెయిన్ రోడ్డులో షాపు చూసుకున్నాను. అద్దాల తలుపులున్నది."

పిన్ని పెదవి కదిలింది. ఈ దెబ్బ అయినా చిట్టికి తగులుతుందనుకుంది. అదీ తగల్లేదు.

సామాను ఎత్తే రోజున బల్ల, కంప్యూటర్, గోడ మీది ఫోటో అన్నీ బండెక్కాయి. చిట్టి గుమ్మంలో నిలబడి పైకి చూసింది. సీలింగ్ ఫ్యాను ఆమె వచ్చిన కొత్తలో బిగించుకున్నదే.

"ఫ్యాను ఉంచేసుకోండి. అక్కడ ఏసీ ఉంది."

"అద్దెకున్నవాళ్ల వస్తువులు నేనుంచుకోను" అంది పిన్ని, వంటగదిలోంచి ముఖం చూపించకుండానే. "విప్పుకుని వెళ్లు."

బండివాళ్లు అప్పటికే హారన్ కొడుతున్నారు. చిట్టి స్టూలు లాక్కుని ఎక్కింది. స్క్రూలు బిగుసుకుపోయి తిరగలేదు. రెక్కల మీద పేరుకున్న దుమ్ము కళ్లలో పడుతుంటే, ఒక చేత్తో కళ్లు నలుపుకుంటూ రెండో చేత్తో విప్పుతూనే ఉంది. స్టూలు ఊగింది. పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఆమె పిలవనూ లేదు.