నా సూది, టకటక సూది

పిల్లలు లేనివాళ్లకి వైద్యం చేసే మా ల్యాబ్‌లో కొత్త మిషన్ నడిపేవాడికి టకటక అని పేరు పెట్టింది నేనే. ఆ మిషన్ చేసే చప్పుడు అది. వాడు వచ్చేదాకా ఇక్కడ అండంలోకి వీర్యకణం ఎక్కించాలంటే నా చెయ్యే. వెంట్రుక కన్నా సన్నటి, మొనతేలిన గాజు సూది నాది. దాన్ని అండంలోకి గుచ్చి, లోపలి పొరని కొంచెం పీల్చి తెంపి, కణాన్ని వదిలి బయటికి రావాలి. టకటక సూదికి మొనే లేదు. మిషన్ ఇచ్చే చిన్న అదురుకే పొర తెరుచుకుంటుంది, పీల్చే పని లేదు. మొద్దు సూదితో ఏం కుడతావురా అని వాణ్ణి రోజూ ఏడిపించేదాన్ని.

ఆ రోజు నా ముందుకి వచ్చినవి మా చెల్లెలి అండాలు. నాలుగే. ఇదే ఆఖరుసారి, ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. పోయినసారి పొరలు మరీ మెత్తగా ఉండి, నా సూది తగలగానే అన్నీ చితికిపోయాయి. అందుకే ఈసారి సగం నాకు, సగం టకటకకి ఇస్తే ఏ సూదికి నిలుస్తాయో తేలిపోతుందంది డాక్టరమ్మ. చెల్లెలు ససేమిరా అంది.

"అన్నీ నీ చేత్తోనే పెట్టాలి అక్కా. ఇంకెవరూ వద్దు," అంది, అండాలు తీయించుకోవడానికి మత్తిచ్చే గదిలోకి వెళ్తూ. సరేనని మాటిచ్చాను.

సొంతవాళ్లవి ముట్టుకోకూడదని కొన్నిచోట్ల నియమం ఉంటుందట. మా దగ్గర ఎందుకు లేదో, నా ఖర్మ.

కూర్చున్నాను. మొదటిదాన్ని పట్టి, సూది ఆనించి, మెల్లగా లోపలికి తోశాను. అలవాటు కొద్దీ పీల్చబోయాను. పీల్చకముందే పొర తెగింది. లోపలున్నదంతా స్క్రీన్ మీద పొగలా బయటికి వచ్చేసింది.

రెండోదాన్ని ముందుకి తెచ్చుకున్నాను. చేతిలో వణుకు లేదు, ఒట్టు. అందుకే భయమేసింది. చెయ్యి తిన్నగా ఉండగా పోయిందంటే, నా పద్ధతే వీటికి పనికిరాదు. గుచ్చితే ఇదీ పోతుంది. లేస్తే చెల్లెలికిచ్చిన మాట పోతుంది. అండాలు బయట ఉన్నకొద్దీ చల్లారిపోతాయి, ఆలోచించే వ్యవధి లేదు. వెనక నిలబడ్డ టకటక ఒక్క మాట అనలేదు. అనుంటే వాడి మీద ఎగిరి ఆ కుర్చీలోనే ఉండిపోయేదాన్నేమో.

"కూర్చో," అన్నాను, లేచి.

వాడు సూది ఆనించి మీట తొక్కాడు. పొర కదల్లేదు. మళ్లీ తొక్కాడు. ఊహూఁ. జోరు పెంచమన్నాను. పెంచితే పగిలిపోతుందక్కా అని, సూది వెనక్కి లాగి దాన్నే పరీక్షగా చూడసాగాడు. కొంప మునుగుతుంటే వీడి తీరిక చూడమని లోపల్లోపల తిట్టుకున్నాను. సూదిలో గాలి బుడగ ఉందట, అదురునంతా అదే మింగేస్తోందట. దాన్ని పారేసి కొత్తది బిగించాడు. ఈసారి సూది పొరని సాగదీసుకుంటూ అవతలి అంచుదాకా పోయింది. ఒక్కసారి టక్ మంది. పొర తెరుచుకుంది. వాడు కణాన్ని వదిలి బయటికొచ్చినా అండం చెక్కుచెదరలేదు. మిగతా రెండూ అలాగే నిలిచాయి.

మర్నాడు చూస్తే ఆ మూడింటిలో రెండు ఫలించాయి. ఒక్కోదాని లోపల తల్లిదొకటి, తండ్రిదొకటి, చిన్న గుండ్రాలు పక్కపక్కనే కనిపించాయి. ఫోన్లో చెప్పొచ్చు. కానీ మాట తప్పినదాన్ని, మొహం చూపించే చెప్పాలనుకుని చెల్లెలింటికి వెళ్లాను. తలుపు తీయగానే అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. రెండు ఫలించాయని, నా చేతిలో ఒకటి పోయిందని, మిగతావి వాడికి ఇచ్చేశానని. అది గోడకి ఆనుకుని కూలబడి ఏడ్చింది. నన్ను నాలుగు తిట్టవే అన్నాను.

"ఎందుకు తిడతాను?" అంది కళ్లు తుడుచుకుంటూ. "నీ చెయ్యే కావాలన్నది పిల్లల కోసం కాదు. పోయినసారి అవి పోయిన దగ్గర్నుంచీ నువ్వు మా గడప తొక్కలేదు. నీ మీద నాకు నమ్మకం పోయిందనుకున్నావని తెలుసు. పిల్లలు లేకపోయినా బతుకుతాను గానీ, అక్క లేకపోతే ఎలా అనుకున్నాను."

ఉన్నవే నాలుగు. ఆ నాలుగూ నా కోసం ఒడ్డిందా ఇది?

"నీ బుర్రకేమైనా తెగులా?" అని అరిచాను. అరుస్తూనే దాని పక్కన నేల మీద కూలబడ్డాను.